అతిథుల పుస్తకంలో కనిపించని స్త్రీలు

కిందటేడాది నవంబరులో ఒక సాహిత్య సదస్సు కోసం జపాన్ వెళ్ళాను. సదస్సు అయిపోయాక నిర్వాహకులు మమ్మల్ని నాగానో కొండల్లో ఒక వేడినీటి బుగ్గల ఊరికి తీసుకెళ్ళి, ఒక రాత్రి ర్యోకాన్‌లో ఉంచారు. ర్యోకాన్ అంటే పాతకాలపు జపాన్ పద్ధతి హోటల్. మంచాలు ఉండవు. నేలంతా తతామి చాపలు, పక్కకి జరిపే కాగితపు తలుపులు. రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం అద్దెలోనే కలిసి ఉంటాయి.

గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి అడుగుపెట్టగానే ఒక పెద్దావిడ మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకి ఆనేలా వంగి నాకు నమస్కారం చేసింది. అరవై ఐదేళ్ళు దాటి ఉంటాయి. మా అమ్మ ఈడు. నేను గబుక్కున వెనక్కి జరిగాను. పెద్దవాళ్ళు దణ్ణం పెడితే చిన్నవాళ్ళ ఆయుష్షు తగ్గుతుందని వింటూ పెరిగినదాన్ని కదా! ఆవిడ మాత్రం నా తత్తరపాటు ఏమీ గమనించనట్టే లేచి, నా పెట్టె అందుకుని ముందు నడిచింది. ర్యోకాన్‌లో ఇలా అతిథుల్ని చూసుకునే స్త్రీని 'నకాయ్' అంటారు. యజమానురాలు 'ఒకామి'. ఆవిడ తన పేరు కూడా చెప్పింది. నన్ను మాత్రం ఆ రాత్రంతా 'ఒక్యకుసామా' అనే పిలిచింది. అతిథిగారూ అని.

గదిలో యుకాటా అనే నూలు అంగీ మడతపెట్టి ఉంది. మన పైటకి అలవాటైన చెయ్యి ఎలా తిప్పిందో ఏమో, కుడి అంచు పైకి వచ్చేలా కట్టుకున్నాను. ఆవిడ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దగ్గరికొచ్చి విప్పి ఎడమ అంచు పైకి వచ్చేలా సరిచేసింది. కుడి అంచు పైకి వేసేది శవానికట. ఆ సంగతి నాతో వచ్చిన జపాన్ మిత్రురాలు తర్వాత చెప్పింది.

భోజనం గదికే తెచ్చింది. తలుపు బయట కూర్చుని తలుపు జరుపుతుంది, లేచి లోపలికి వస్తుంది, మళ్ళీ కూర్చుని తలుపు మూస్తుంది, పళ్ళెం నా ముందు పెడుతుంది. చిన్న చిన్న గిన్నెలు పదీ పన్నెండు. ప్రతిసారీ అదే క్రమం. నాలుగోసారికి ఉండబట్టలేక లేచి పళ్ళెం అందుకోబోయాను. వద్దన్నట్టు అరచెయ్యి కిందికి ఊపింది. కూర్చో అని. కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు. స్నానానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి బల్ల మాయమై, అదే చోట పరుపు పరిచి ఉంది.

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు తెనాలిలో మా ఇంటికి చుట్టాలు రాని వారం ఉండేది కాదు. అమ్మ వాళ్ళకి వడ్డించేది, పక్కలు వేసేది, అందరూ పడుకున్నాక వంటింట్లో గోడకి ఆనుకుని గిన్నెలో మిగిలింది తినేది. 'అతిథి దేవో భవ' అని మా నాన్న నోట విన్నాను గానీ అమ్మ నోట ఎప్పుడూ వినలేదు. ఆమెకి ఆ మాటలో వంట మాత్రమే కనిపించి ఉంటుంది. నా గదిలో పక్క వేసిన మనిషి ఇప్పుడు ఎక్కడ పడుకుందో, ఏం తిన్నదో అనుకుంటూ కాగితపు తలుపుకేసి చూస్తూ పడుకున్నాను.

తిరిగొచ్చాక, జపాన్ సత్రాల్లో బస చేసినవాళ్ళు రాసినవి చదవడం మొదలుపెట్టాను. నాకు జపనీస్ రాదు. ఇంగ్లీషు అనువాదాలే ఆధారం. వడ్డించిన స్త్రీ వాటిల్లో ఎక్కడైనా ఉందా అన్నదే నా వెతుకులాట.

*

ముందుగా దొరికింది ఇసబెల్లా బర్డ్. ఇంగ్లండులో ఒక క్రైస్తవ ఫాదరీ కూతురు. 1878 జూన్‌లో, నలభై ఆరేళ్ళ వయసులో, ఇతో అనే పడుచు దుబాసీని వెంటబెట్టుకుని టోక్యో నుంచి ఉత్తరాన హొక్కైదో దాకా ప్రయాణం చేసింది. ఆ ఉత్తరాలు 1880లో పుస్తకంగా వచ్చాయి. తర్వాత 1892లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ మొదటిసారి స్త్రీలని ఫెలోలుగా చేర్చుకున్నప్పుడు వాళ్ళలో ఆమె ఒకరు.

ఆమె మొదటి రాత్రి మజిలీ కసుకబె అనే ఊళ్ళో. ఆ సత్రం గదిలో గడిపిన రాత్రి గురించి రాసిన పేజీలు ఒంటరిగా ప్రయాణం చేసిన ఏ స్త్రీకైనా అర్థమవుతాయి. గోడలనేవి లేవు, కాగితం అంటించిన చట్రాలే. ఆ కాగితం నిండా చిల్లులు. ప్రతి చిల్లులోనూ ఒక కన్ను. ఒక పక్క గదిలో ఎవరో మగాయన గొంతెత్తి ప్రార్థనలు చదువుతున్నాడు. మరో పక్క ఒక అమ్మాయి షామిసెన్ వాయిస్తోంది. దోమలు, నల్లులు, ఈగలు. గడియ లేని తలుపు. తెల్లవార్లూ భయపడింది. అయితే ప్రయాణమంతా ముగిశాక, ఆ భయం తలచుకుంటే నవ్వొస్తుందనీ, స్త్రీ ఇంత క్షేమంగా, అవమానం లేకుండా తిరగగలిగే దేశం మరొకటి ఉండదనీ రాసింది.

ఆ పుస్తకంలో నాకు నచ్చిన బస నిక్కోలో కనయా అనే ఆయన ఇల్లు. అప్పటికి ఐదేళ్ళ కిందట, 1873లో, ఆయన విదేశీయుల కోసం తన ఇంట్లోనే గదులివ్వడం మొదలుపెట్టాడు. అదే తర్వాత కనయా హోటల్ అయింది. ఆ ఇల్లు ఎంత నాజూకుగా ఉందంటే, సిరా ఒలుకుతుందేమో, చాప నలుగుతుందేమో, కాగితం చిరుగుతుందేమో అని ప్రాణం గిలగిలలాడుతోందనీ, ఇంకాస్త తక్కువ అందంగా ఉన్నా బాగుండేదనీ ఆమె రాసుకుంది. గుమ్మంలో ఎదురొచ్చి ఆమె బూట్లు విప్పింది కనయా చెల్లెలు. ఆమె ఎంత మృదువుగా, ఎంత సంస్కారంగా ఉందో బర్డ్ చెబుతుంది.

ఇక్కడ ఆగి ఆలోచించాను. బర్డ్ నిజంగా సాహసి. అయినా ఆమెకి ఆ గదిలో అతిథి స్థానం ఇచ్చింది ఆమె సాహసం ఒక్కటే కాదు. ఆమె తెల్లజాతి మనిషి, చేతిలో ప్రత్యేకమైన అనుమతి పత్రం, డబ్బు, దుబాసీ ఉన్నాయి. చిల్లుల్లోంచి చూసిన కళ్ళలో సగమైనా ఆడవాళ్ళవి అయి ఉండవా? మగవాడి తోడు లేకుండా, ఒక గది మొత్తం తనకే పెట్టుకుని, మంచం వేయించుకుని కూర్చున్న స్త్రీ వాళ్ళకి ఎంత వింత! బర్డ్ ఆ కళ్ళకి భయపడింది, వాళ్ళని విసుక్కుంది. ఆ కళ్ళు ఏం చూశాయో మనకి చెప్పేవాళ్ళు లేరు. పక్కగదిలో షామిసెన్ వాయించిన అమ్మాయి కూడా పుస్తకంలోకి మోతగా వచ్చిందే తప్ప మనిషిగా రాలేదు.

*

ఆ అమ్మాయి ఎవరై ఉంటుంది? ఈ ప్రశ్న నన్ను ఇంకా వెనక్కి, ఒక బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

ఉతగావా హిరోషిగె 1833-34 ప్రాంతంలో తోకైదో రహదారి మజిలీల మీద అచ్చువేసిన బొమ్మల వరస ఇప్పుడు ప్రపంచమంతా క్యాలెండర్ల మీద కనిపిస్తుంది. ఎడో నుంచి క్యోటో దాకా 53 మజిలీలు. ఎడో అంటే ఇప్పటి టోక్యో. వాటిలో గోయు, అకసాక అనేవి పక్కపక్క ఊళ్ళు, రెండు కిలోమీటర్ల దూరం కూడా లేదు. గోయు బొమ్మలో సత్రం స్త్రీలు బాటసారుల్ని పట్టుకుని లోపలికి లాగుతుంటారు. ఒకడి మెడలో మూట ఉరితాడులా బిగుసుకుపోతుంది. అందరూ ఇది చూసి నవ్వుతారు. అతిథి కోసం అంత బలంగా లాగకపోతే ఆ రాత్రి ఆ స్త్రీకి ఏమవుతుందో ఎవరూ అడగరు.

అకసాక బొమ్మ సత్రం లోపలిది. మధ్యలో పెరటి చెట్టు ఒకటి బొమ్మని రెండుగా చీలుస్తుంది. ఎడమ పక్క గదిలో ఒక మగ అతిథి తీరిగ్గా ఒరిగి ఉన్నాడు. మరొకడు స్నానం చేసి భుజాన తువ్వాలుతో వస్తున్నాడు. స్త్రీ భోజనం పళ్ళేలు తెస్తోంది. కుడి పక్క గదిలో స్త్రీలు అద్దాల ముందు కూర్చుని ముఖాలకి రంగు పూసుకుంటున్నారు, గోడవార పరుపులు దొంతరగా ఉన్నాయి. సత్రం గురించి రాసిన అతిథులందరూ ఆ చెట్టుకి ఎడమ పక్క కూర్చుని రాసినవాళ్ళే. హిరోషిగె ఒక్కడు రెండు గదుల్నీ ఒకేసారి చూపించాడు.

కుడి గదిలో ఉన్నవాళ్ళని 'మెషిమోరి ఒన్నా' అనేవారు. అక్షరాలా, అన్నం వడ్డించే ఆడది. ప్రభుత్వ లెక్కల్లో వాళ్ళు పనివాళ్ళు. వ్యభిచారానికి లైసెన్సు నగరాల్లోని ప్రత్యేక పేటలకే ఉండేది కాబట్టి, రహదారి సత్రాల్లో అదే పనికి ఈ పేరు పెట్టారు. 1718లో షోగున్ ప్రభుత్వం ఒక్కో సత్రానికి ఇద్దరిని మించి ఉంచుకోకూడదని ఆజ్ఞ జారీ చేసింది. ఆజ్ఞ ఎంతవరకు అమలయిందన్నది అటుంచితే, దాని వల్ల ఈ వ్యాపారం ప్రభుత్వం ఒప్పుకున్న వ్యాపారమైంది. బాటసారులు ఆ సత్రాలకే వచ్చేవారు, మజిలీ ఊళ్ళు ఆ రాబడి మీదే నిలబడ్డాయి.

ఆ స్త్రీలు ఎక్కడి నుంచి వచ్చారు? పేద రైతుల ఇళ్ళ నుంచి. తండ్రి అప్పు తీసుకుంటాడు, కూతురు ఇన్నేళ్ళు చాకిరీ చేస్తుందని కాగితం రాసిస్తాడు. జోగిని, బసివి వ్యవస్థల గురించి చదువుకున్న మనకి ఇది కొత్త కథ కాదు. అయితే 'వడ్డించేది' అనే మాటని ఇలా వాడటం నన్ను కలవరపెట్టింది. అన్నం పెట్టడం అనే, మనం తల్లికి ఆపాదించే పనిని తీసుకెళ్ళి ఒక దోపిడీకి ముసుగుగా కప్పారు. వడ్డించే స్త్రీని అమ్మ అనో అన్నపూర్ణ అనో పొగిడినంత సులువుగా ఇంకోలా కూడా పిలవవచ్చన్నమాట. ఆమెకి పేరు మాత్రం అక్కర్లేదు.

వాళ్ళలో చాలామంది చిన్న వయసులోనే జబ్బులతో పోయారు. దిక్కులేని శవాలుగా గుడి ఆవరణల్లో పడేశారు. ఫుజిసవా మజిలీలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో మాత్రం ఒక సత్రం యజమాని తన దగ్గర పనిచేసి చనిపోయిన ఇలాంటి స్త్రీలకి రాతి సమాధులు కట్టించాడు. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఆయన మంచితనానికి మెచ్చుకోవాలా, బతికుండగా ఏం చేశాడని అడగాలా అన్నది నేను తేల్చుకోలేకపోయాను.

*

మరి ఆ రోజుల్లో జపాన్ స్త్రీలు అతిథులుగా సత్రాలకి రాలేదా? వచ్చారు. కానీ స్త్రీ రోడ్డెక్కాలంటే తతంగం పెద్దది. సామంతుల భార్యాపిల్లలు ఎడోలో షోగున్ దగ్గర బందీల్లా ఉండాలి, వాళ్ళు తప్పించుకుపోతే తిరుగుబాటు వస్తుందని భయం. అందుకని 'లోపలికొచ్చే తుపాకుల్నీ బయటికెళ్ళే ఆడవాళ్ళనీ' కనిపెట్టి ఉండమని కాపలా చావళ్ళకి నియమం. తుపాకీ, ఆడది ఒకే వరసలో! స్త్రీకి ప్రత్యేక అనుమతి పత్రం ఉండాలి. అందులో ఆమె సన్యాసినా, విధవా, గర్భిణా, చిన్నపిల్లా అన్నది రాసి ఉండాలి. చావడిలో ఇందుకే నియమించిన ముసలమ్మలు జుట్టు విప్పి వెతికేవారు. ఒక స్త్రీని కట్టడి చేసే పని ఇంకో స్త్రీ చేతే చేయించడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

ఇనోయె త్సూజో అనే చదువుకున్న యువతి 1681లో షికోకు దీవిలోని మరుగమె నుంచి ఎడోకి బయలుదేరింది. సామంతుడి తల్లి కొలువులో చేరడానికి పిలుపొచ్చింది. దారిలో అరాయి చావడి దగ్గర ఆపేశారు. పత్రంలో 'స్త్రీ' అని ఉంది, ఆమె వేసుకున్న పొడుగు చేతుల అంగీ పెళ్ళికాని పిల్లలది కాబట్టి 'చిన్నది' అని ఉండాలట. కొత్త పత్రం వచ్చేదాకా రోజుల తరబడి అక్కడే సత్రంలో పడి ఉంది. ఆ నిస్సహాయతంతా తన ప్రయాణ దినచర్యలో రాసుకుంది. సత్రంలో బస మగవాడికి విశ్రాంతి. ఆమెకి అది నిర్బంధం. తను పిల్లా స్త్రీయా అన్నది తేల్చడానికి కూడా మరొకరి ముద్ర కావాలి.

ఎనిమిదేళ్ళ కొలువు తర్వాత 1689లో ఆమె ఇంటికి తిరిగి వెళ్ళింది. ఆ ప్రయాణం మీద కూడా ఒక దినచర్య రాసింది. సరిగ్గా అదే ఏడాది కవి బాషో ఉత్తరాది యాత్ర చేశాడు. ఆ యాత్రా గ్రంథం జపాన్ సాహిత్యంలో శిఖరం లాంటిది. అందులో ఇచిబురి అనే ఊరి సత్రం ఘట్టం ఉంది. రాత్రి పక్కగదిలోంచి ఇద్దరు వేశ్యల మాటలు వినిపిస్తాయి. ఇసె ఆలయానికి యాత్ర వెళుతున్నారు, తమ బతుకు తలచుకుని దుఃఖపడుతున్నారు. తెల్లవారి వాళ్ళు బాషోని అడుగుతారు, దారి భయంగా ఉంది, మీ వెనక కనుచూపు దూరంలో నడుస్తాం, రానివ్వండి అని. మేం చాలాచోట్ల ఆగుతాం, వేరేవాళ్ళ వెంట వెళ్ళండి అని ఆయన కాదంటాడు. తర్వాత జాలిపడతాడు, పద్యం రాస్తాడు.

బాషోతో పాటు నడిచిన శిష్యుడు సొరా దినచర్యలో ఈ స్త్రీల ఊసే లేదు. ఘట్టం కల్పితం అయి ఉండవచ్చని పండితులు అంటారు. కల్పితమైతే నా ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. ఒక మహాకవి తన గ్రంథానికి కరుణరసం కావలసి ఇద్దరు స్త్రీలని పుట్టించాడు, పుట్టించి కూడా తన వెంట రానివ్వలేదు. అదే ఏడాది అదే దేశంలో నిజంగా నడిచిన, నిజంగా రాసిన త్సూజోని ఎంతమంది చదివారు? పీహెచ్‌డీ అయి ఇన్నేళ్ళయినా బాషో పేరు తెలిసినట్టు ఆమె పేరు నాకు తెలియదు. ఇది నా మీద కూడా ఆరోపణే.

*

ఇరవయ్యో శతాబ్దానికి వస్తే వేడినీటి ఊళ్ళ సత్రం అనగానే అందరూ చెప్పేది కవబాత యసునారి 'మంచు దేశం'. 1935 నుంచి పత్రికల్లో ముక్కలుగా వచ్చి, 1948కి తుదిరూపం తీసుకుంది. 1968లో ఆయనకి నోబెల్ రావడానికి కారణమైన పుస్తకాల్లో ఒకటి. యుజవాలో ఒక సత్రంలో దిగి రాశాడు. టోక్యో నుంచి వచ్చే షిమమురా అనే తీరుబడి మనిషి, ఆ ఊళ్ళో కొమకో అనే గెయిషా. ఆమె దినచర్య రాస్తోందనీ, పదిహేను పదహారేళ్ళ వయసు నుంచీ చదివిన నవలలన్నిటి గురించీ నోట్సు రాసుకుందనీ చెబితే, అతని మనసులో మెదిలే మాట 'వృథా ప్రయాస' అని. ఎమ్మేలో ఈ నవల చదివినప్పుడు దీన్ని జీవితపు నశ్వరత్వం అని నోట్సు రాసుకున్నాను. ఇప్పుడు చదివితే ఒళ్ళు మండింది. అతిథి రాస్తే సాహిత్యం, వడ్డించే స్త్రీ రాస్తే వృథా ప్రయాసా?

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే రాసినట్టు ఉంటుంది మసుదా సయో పుస్తకం. 1925లో నాగానో ప్రాంతంలో పుట్టింది. ఊహ తెలియని వయసులోనే ఒక భూస్వామి ఇంట్లో పిల్లల్ని ఎత్తుకునే పనికి పెట్టారు. చలికి ఒక పాదాన్ని రెండో కాలికి ఆనించి ఒంటికాలి మీద నిలబడేది కాబట్టి 'కొంగ' అని పిలిచేవాళ్ళు. తనకో పేరుందని కూడా తెలియదు. పన్నెండో ఏట సువా అనే వేడినీటి ఊళ్ళో గెయిషాల ఇంటికి అమ్మేశారు. బడికి పోలేదు. పెద్దయ్యాక తేలిక అక్షరాలు మాత్రం నేర్చుకుని, వాటితోనే తన కథ రాసింది. 1957లో పుస్తకంగా వచ్చింది. 2003లో ఇంగ్లీషులోకి వచ్చాకే నాబోటివాళ్ళకి తెలిసింది. కొమకో ఉన్నలాంటి ఊరే, ఆ కాలమే. కానీ ఇందులో మంచు అందంగా లేదు. ఆకలి ఉంది, సుఖరోగాలు ఉన్నాయి, నవ్వుతూ పోయాల్సిన సారా ఉంది. అతిథులు ఎలా కనిపిస్తారో కూడా ఉంది. కుడి గదిలోంచి ఎడమ గదిలోకి చూసిన చూపు అది.

ఇంకొకామె హయాషి ఫుమికో. 1930లో అచ్చయిన ఆమె 'హోరోకి' ఊరూరా తిరిగిన బతుకు కథ. తల్లి, మారుతండ్రి మూటలు మోసి వస్తువులు అమ్మేవాళ్ళు. వాళ్ళ బస కిచిన్‌యాదో అనే కారుచౌక సత్రాల్లో. ఒకప్పుడు వంటచెరకు ఖరీదు మాత్రం తీసుకుని తలదాచుకోనిచ్చే చోటికి ఆ పేరు. క్యూషూ బొగ్గుగనుల ఊళ్ళలో ఇలాంటి బసల్లో ఆమె బాల్యం గడిచింది. నమస్కారాలు, పన్నెండు గిన్నెలు లేవు. తర్వాత తనే టోక్యో కెఫేల్లో మగవాళ్ళకి వడ్డిస్తూ ఈ పుస్తకం రాసింది. అతిథిగానూ, వడ్డించేదానిగానూ రెండు వైపులా బతికింది కాబట్టే ఆమె రాతలో జాలి లేదు. ఆకలేస్తే ఆకలని రాసింది, కోపమొస్తే కోపమని రాసింది.

*

యుద్ధం తర్వాత చట్టాలు మారాయి. 1956లో వ్యభిచార నిరోధక చట్టం వచ్చి 1958 నుంచి శిక్షలతో సహా అమలయింది. కానీ ఒంటరి స్త్రీ మీద సత్రాలకి అనుమానం పోలేదు. ఒక్కతే వచ్చి గది అడిగితే, చావడానికి వచ్చిందేమోనని వెనక్కి పంపేవారట. ఒంటరి మగవాడు యాత్రికుడు, ఒంటరి ఆడది ఆత్మహత్య! 1970లో జపాన్ రైల్వే 'డిస్కవర్ జపాన్' అని ప్రచారం మొదలుపెట్టింది. అదే సమయంలో 'అన్ అన్', 'నోన్ నో' అనే స్త్రీల పత్రికలు వచ్చాయి. వాటిని చేత్తో పట్టుకుని పడుచుపిల్లలు గుంపులుగా ఊళ్ళ మీద పడ్డారు. జనం 'అన్నోన్ జాతి' అని వెక్కిరించారు. వెక్కిరించినా వ్యాపారం ఆగదుగా. మగవాళ్ళ ఆఫీసు విందుల కోసం కట్టిన ర్యోకాన్లు ఆడవాళ్ళ స్నానాల గదులు పెద్దవి చేశాయి.

ఆ స్నానాల గది గురించి నేనూ చెప్పాలి. ఒంటి మీద నూలుపోగు లేకుండా పదిమంది ఆడవాళ్ళ మధ్య వేడినీళ్ళలో దిగాలి. గుమ్మం దగ్గరే పావుగంట నిలబడ్డాను. లోపల అన్ని వయసులవాళ్ళు, ముడతల పొట్టలు, కోత మచ్చలు, ఒక రొమ్ము లేని ఒకావిడ. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. చివరికి దిగాను. ముప్పై ఏడేళ్ళలో నా శరీరాన్ని ఎవరూ తూకం వెయ్యని గంట అదొక్కటే అనిపించింది. కాబట్టి అతిథిగా నాకు దొరికిన సుఖాన్ని నేను తక్కువ చేసి చెప్పను. స్త్రీకి అలాంటి గంట కావాలి. అది ఎవరి చాకిరీ మీద దొరుకుతోందన్నదే నా బాధ.

నకాయ్ పని చాలాకాలం ఏ దిక్కూ లేని స్త్రీల పని. భర్త వదిలేసినవాళ్ళు, పోయినవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకుని పారిపోయి వచ్చినవాళ్ళు. తిండి, పడక అక్కడే దొరుకుతాయి. నోతో ద్వీపకల్పంలోని వకురాలో కగాయా అనే పేరున్న ర్యోకాన్ 1986లో తన ఉద్యోగినుల కోసం పిల్లల సంరక్షణ కేంద్రంతో సహా వసతి గృహం కట్టింది. దానికి కంగారూ హౌస్ అని పేరు పెట్టారు. యజమానుల దయ అని దీన్ని పొగుడుతారు. ఆ అవసరం ఎంత పెద్దదో చెప్పే సాక్ష్యంగా నేను చూస్తాను. 2024 జనవరి 1న వచ్చిన భూకంపంలో ఆ ర్యోకాన్ దెబ్బతిని మూతపడింది. గోడలు పడినప్పుడు అతిథులు ఇళ్ళకి వెళ్ళిపోతారు. అక్కడే ఇల్లున్నవాళ్ళ సంగతి వేరు.

2013లో టోక్యోకి ఒలింపిక్స్ తెచ్చుకోవడానికి జపాన్ తరఫున ఒక స్త్రీ వేదికెక్కి 'ఒమొతెనాషి' అని అక్షరం అక్షరం విడదీసి పలికింది. జపాన్ ఆతిథ్యం అని. ఆ మాట దేశానికి గర్వకారణమైంది. పదేళ్ళకి ఇంకో మార్పు వచ్చింది. 1948 నాటి సత్రాల చట్టం ప్రకారం అంటురోగం, జూదం లాంటి కొన్ని కారణాలకి తప్ప అతిథిని కాదనడానికి వీల్లేదు. 2023లో దాన్ని సవరించారు. మితిమీరిన కోరికలతో పదేపదే సిబ్బందిని వేధించేవాళ్ళకి గది లేదని చెప్పే హక్కు ఆ ఏడాది డిసెంబరు నుంచి వచ్చింది. అలాంటి వేధింపులకి ప్రభుత్వం ఇచ్చిన ఉదాహరణల్లో, నేల మీద పడి క్షమాపణ చెప్పమని పదేపదే ఒత్తిడి చెయ్యడం కూడా ఉంది. అది చదివినప్పుడు నాకు గుమ్మంలో వంగిన ఆ పెద్దావిడ నుదురు గుర్తొచ్చింది. ఆ వంగడం ఎప్పుడు మర్యాద, ఎప్పుడు అవమానం అన్నది వంగేవాళ్ళు చెప్పాలి. మూడు వందల ఏళ్ళ తర్వాత చట్టం ఆ మాట వినడం మొదలుపెట్టింది.

*

మర్నాడు పొద్దున మేం బయలుదేరుతుంటే ఒకామి, ఆ పెద్దావిడ, ఇంకో ఇద్దరు వాకిట్లో వరసగా నిలబడి చేతులూపారు. బస్సు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నారు. అది కూడా వాళ్ళ పనిలో భాగమేనని మిత్రురాలు చెప్పింది. నేను మాత్రం కిటికీలోంచి మెడ తిప్పి ఊపుతూనే ఉన్నాను.

గదిలో అతిథులు రాయడానికి ఒక నోటుపుస్తకం ఉంది. అద్భుతమైన ఆతిథ్యం అని ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి వచ్చాను. ఆవిడ పేరు రాయలేదు. ఆవిడ చెప్పింది, నేను మరిచిపోయాను. నేనూ చెట్టుకి ఎడమ పక్కనే కూర్చున్నాను.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకి ఇదంతా చెప్పాను. పన్నెండు గిన్నెలూ, కాగితపు తలుపులూ, యుకాటా కథా అన్నీ విని నవ్వింది. ఆ మధ్య శ్రీశైలం తీసుకెళితే సత్రం గదిలో తెల్లవారుజామునే లేచి దుప్పట్లు మడతపెట్టి గది ఊడ్చిన మనిషి. ఎందుకమ్మా, వాళ్ళు చేస్తారు కదా అంటే, "పాపం ఆ పిల్ల ఒక్కతీ ఎన్ని గదులని ఊడుస్తుందే?" అంది.

అంతా విన్నాక అమ్మ అడిగింది, "ఆవిడ ఎన్నింటికి తింటుందట?" అని.

నేను అడగలేదు. నలభై పేజీల నోట్సు రాసుకున్నాను గానీ, అందులో ఆ సంగతి లేదు.